గీతలు చదివే కదిరి మేడమ్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మా సర్జన్లకు ఒక హాయి ఉండేది. గుండె మా శాఖ కాదు. ఇసిజి కాగితం చేతికొస్తే కాస్త దూరంగా పట్టుకుని, కనుబొమలు ముడిచి, మర్యాదకు సరిపడేంతసేపు చూసి, "ఫిజీషియన్‌కు చూపించండి" అనేవాళ్లం. అందరం అంతే కాబట్టి ఎవరికీ సిగ్గుండేది కాదు. అనంతపురంలో నేను చేరిన ఆసుపత్రిలో ఆ హాయిని పాడుచేసింది నాతోపాటే చేరిన ఇంకో సర్జన్. ఊరు కదిరి కావడంతో అందరూ ఆమెను కదిరి మేడమ్ అనేవాళ్లు. (నన్ను 'ఇంకో సార్' అంటారని కొన్నాళ్లకు తెలిసింది.) మేం పేపరు చదివినట్టు ఆమె ఇసిజి చదివేది, అదీ టీ తాగుతూ.

ఒకరోజు రాప్తాడు నుంచి హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన రైతు ఇసిజిని నేను గంభీరంగా చూస్తుంటే, పక్క మంచం దగ్గర్నుంచి ఆమె, "తలకిందులుగా పట్టుకున్నావప్పా" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. కాగితం తీసుకుని, "గుండె బాగుండాది పెద్దాయనా, ధైర్యంగా చేయించుకో" అని చెప్పింది. పెద్దాయన ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. కోసేది నేను, కుట్లేసేది నేను, దండం మాత్రం ఆమెకు. ఆ రోజు నాకు పట్టుకున్న కడుపుమంట ఏ శాఖ కిందికి వస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు.

ఇసిజి మీద మాత్రం పుస్తకం దొరికింది. తలుపు గడియపెట్టుకుని చదివాను. బస్సు కిటికీలోంచి మా బోడికొండల ఎగుడుదిగుడు గీత కనిపిస్తే, ఈ గుండెకు ఏం జబ్బై ఉంటుందా అని ఆలోచించేంత వరకూ వచ్చాను. చదువు ముదిరింది గానీ చూపించుకునే అవకాశమే రాలేదు. ఏ కాగితం వచ్చినా సిస్టర్ నన్ను దాటుకుని నేరుగా మేడమ్ దగ్గరికే పోయేది.

ఆ అవకాశం ఒక మధ్యాహ్నం వచ్చింది, మేడమ్ తిరునాళ్లకని కదిరి పోయినప్పుడు. పాతూరులో కిరాణా కొట్టు నడిపే ఒకాయన పొట్ట పైభాగం పట్టుకుని, చెమటలో తడిసిపోయి వచ్చాడు. "బజ్జీలు తినినాడు సార్, గ్యాసు పట్టుకునింది. ఒక సూది ఏసి పంపండి" అంది ఆయన భార్య. కడుపునొప్పి కాబట్టి నా దగ్గరికి పంపారు. నేను ఇసిజి తీయమన్నాను. "కడుపునొప్పికి ఇసిజి యాల సార్? చూసేదానికి మేడమ్ గూడా లేదు" అంది సిస్టర్. (ఈ రెండో మాట అనకపోయి ఉంటే బాగుండేది.)

కాగితం వచ్చింది. ఈసారి తలకిందులుగా పట్టుకోలేదు. గీత కిందికి దిగాల్సిన చోట దిగకుండా పైనే ఉండిపోయింది. ఒకచోట కాదు, మూడుచోట్ల. పుస్తకంలో బొమ్మ చూసినట్టే ఉంది. తప్పయితే ఆసుపత్రంతా నవ్వుతుంది, ఒప్పయితే ఈ మనిషి పోతాడు. ఫిజీషియన్‌కు ఫోన్ చేసి గుండెపోటన్నాను. "సర్జన్‌వి నువ్వు చెప్తాండావా?" అని నవ్వుతూనే వచ్చాడు ఆయన. కాగితం చూశాక నవ్వలేదు. పరుగున మంచాన్ని తోసుకుపోయారు. మందు ఎక్కింది, మనిషి దక్కాడు.

మర్నాడు మేడమ్ వచ్చేసరికి నేను వార్డులోనే తచ్చాడుతున్నాను. (పని లేకపోయినా.) కిరాణా కొట్టాయన భార్య నా పక్కనుంచే పోయి ఆమె చేతులు పట్టుకుంది. "మీరు నేర్పిచ్చినారంట మేడమ్, ఆ సారు కనిపెట్టినాడు. చల్లగుండండి."

"నేనేం నేర్పలేదమ్మా. ఆయనే చదువుకున్యాడు."

"మంచోళ్లు అట్లనే అంటారు లేమ్మా" అని ఆమె కళ్లు తుడుచుకుంది. మేడమ్ నా వైపు చూసి, ఏం చేయమంటావన్నట్టు భుజాలెగరేసింది. నాకు మాత్రం ఆ వినయం మీద కూడా కుళ్లు పుట్టింది.

ఇప్పుడు ఆమె పుట్టపర్తిలో ఉంటోంది. మొన్న ఉదయం నా ఫోన్‌కు ఒక ఇసిజి ఫొటో పంపి, వెంటనే ఫోన్ చేసింది.

"మా నాయనది. ఎదలో నొప్పంటాండాడు. ఎంతసేపు చూసినా గీతలన్నీ కలిసిపోతాండాయి నాకు. నువ్వు చూడప్పా."

చూశాను. మళ్లీ చూశాను. "ఇందులో ఏం కనపడల్యా. రక్తపరీక్ష గూడా చేయించు, ఇంకోసారి ఇసిజి తీయించు. నేను బయల్దేరతాండా."

"నువ్వు చెప్తే నాకు ధైర్యం" అంది.

ఈ ఒక్క మాట కోసం ఒకప్పుడు నిద్ర మానుకుని చదివిన కుర్రాడు వినుంటే ఎగిరి గంతేసేవాడు. నేను మాత్రం ఆమె నాన్నకు చెమటలు పడుతున్నాయా అని అడుగుతూ, చెప్పులు కుడీ ఎడమా మార్చి వేసుకుని మెట్లు దిగాను.