సముద్రం వెనక్కి నెట్టిన ఊరు

మధ్యాహ్నం పన్నెండింటికి లారీ మమ్మల్ని ఉప్పుటేటి ఒడ్డున దింపింది. అక్కడి నుంచి పడవ. అవతల నలభై గుడిసెల ఊరు. ముందు సముద్రం, వెనక ఏరు. ఎటు చూసినా మనిషి ఎత్తు మిట్ట లేదు. అర మైలు దూరంలో ఒక్క ఇసుక దిబ్బ కనిపించింది.

జపానుతో యుద్ధం నడుస్తున్న రోజులు. మేం నలుగురం: హవల్దారు, వంటవాడు, వైర్‌లెస్ ఆపరేటరు, నేను. తాటి దూలాల మంచె, దాని మీదే వైర్‌లెస్ సెట్టు. దుర్భిణితో సముద్రాన్ని చూడాలి. ఓడ గాని, విమానం గాని కనిపిస్తే కబురు పంపాలి. పొద్దున ఆరు నుంచి పది దాకా నా వంతు. ఐదు నెలల్లో నేను చూసింది నీళ్లే.

నాది హైదరాబాద్‌లో హుస్సేనీ ఆలం. నా తెలుగు విని ఊరివాళ్లు నవ్వేవారు. వాళ్లది నాకు సగమే తెలిసేది. ఆపరేటరుదీ హైదరాబాదే, బహదూర్‌పురా. పదింటికి మంచె ఎక్కి, "ఏందన్నా, ఏమన్న కనబడ్డదా?" అనేవాడు. "నీళ్లు భాయ్, మస్తు నీళ్లు" అనేవాణ్ని. రోజు మొత్తంలో ఆ ఐదు నిమిషాలే నేను మా ఇంట్లో ఉన్నట్టుండేది.

మంచె కింద ఒక ముసలమ్మ వల బాగుచేసుకుంటూ కూర్చునేది. ఎండలో ఇక్కడే ఎందుకని ఒకరోజు అడిగాను.

"ఇది నా వంటిల్లు బాబూ," అంది.

సముద్రంలోకి చెయ్యి చూపింది. "మా అత్త కాపరానికొచ్చిన ఊరు అదిగో, ఆ నురగ కాడ. ఉప్పెన తీసుకుపోయింది. వెనక్కొచ్చి కట్టుకున్నారు. నా పెళ్లయిన ఏడు మళ్లీ వచ్చింది. అప్పుడిక్కడ కట్టాం. మూడోసారి నా పొయ్యీ పోయింది, మా ఇంటాయనా పోయాడు. ఇప్పుడు ఏటి గట్టు దాకా వచ్చేశాం. ఇంక జరగడానికి నేలేదీ?"

"మరి ఇడిసిపెట్టి పోరాదు అవ్వా?"

"పోతే? చేపలు పొలాల్లో దొరుకుతాయా?"

కార్తీకంలో ఒక పొద్దున తొమ్మిదింటికి గాలి ఈశాన్యానికి తిరిగింది. పదకొండుకు అలలు మంచె కాళ్లను తాకాయి. ముసలమ్మ పరుగున వచ్చి హవల్దారు చెయ్యి పట్టుకుంది. "దిబ్బెక్కండి. ఇది వానగాలి కాదు."

హవల్దారు కబురు పెట్టించాడు: నీళ్లు వస్తున్నాయి, పోస్టు వదలొచ్చా?

జవాబు వచ్చింది: "ఆగండి. అడిగి చెబుతాం."

పన్నెండయింది. సెట్టు మళ్లీ పలకలేదు. హవల్దారు వంటవాణ్నీ నన్నూ వెంటబెట్టుకుని ఊరివాళ్లను దిబ్బ ఎక్కించడానికి బయల్దేరాడు. సెట్టు దగ్గర ఒకరుండాలన్నాడు. నేను మంచె కింద ఆగి అరిచాను.

"దిగు భాయ్! సెట్టు పోతే పోనియ్యి!"

"జవాబు రాకుండ ఎట్ల దిగుతనే? నువ్వు నడువన్నా, పిల్లలున్నరు. ఎనకనే వస్త."

నడిచాను. రెండుసార్లు పిల్లల్ని భుజాలమీద మోసి దిబ్బ ఎక్కించాను. మూడోసారి దిగితే నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. హవల్దారు నా బెల్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు. రెండున్నరకు మంచె కూలింది. ఊరివాళ్లంతా బతికారు. ముసలమ్మ తడి కొంగుతోనే నా తల తుడిచింది.

మరుసటి ఏడు హైదరాబాద్ తిరిగొచ్చాను. గల్లీలో అందరూ ఒకటే అడిగారు: "జపానోళ్లను చూసినవా?" లేదన్నాను. బహదూర్‌పురాలో ఆపరేటరు ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను కూర్చోమనడం కూడా మరిచిపోయింది.

"ఆఖరుకు ఏమన్నడు బిడ్డా?"

"ఎనకనే వస్త అన్నడమ్మా."

అంతవరకే చెప్పగలిగాను. చెప్పనిది ఒకటుంది. మంచె కూలబోయే ముందు వాన ఒక్క నిమిషం తెరిపిచ్చింది. దుర్భిణి నా మెడలోనే ఉంది. అందులోంచి అతన్ని చూశాను. మంచె మీదే మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఒక అరచేత్తో సెట్టు హెడ్‌ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. రెండో చెయ్యి పైకెత్తాడు, ఇప్పుడే ఏదో వినిపిస్తోంది, కాస్త మాట్లాడకండి అన్నట్టు.