ఖాళీ పేజీ కింద నా సంతకం

మూడో తరగతితో నా చదువు ఆగింది. అయినా కోదాడలో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయం వాళ్లు, వాళ్ల సూర్యాపేట, మిర్యాలగూడ శాఖలకు కూడా కలిపి ఏ సీడీలు కొనాలో తేల్చే కమిటీలో నన్ను కూర్చోబెట్టారు. మనవరాళ్లను రోజూ అక్కడికి తీసుకుపోయేదాన్ని. లైబ్రేరియన్ నన్ను పెద్దమ్మా అని పిలిచేది. కమిటీకి నా పేరు ఇచ్చింది ఆమే.

పిల్లల పాటల దగ్గర నాది ఒకటే పద్ధతి. పాట చివరిదాకా వినాలి, పిల్లలు రెండోసారి అడిగితేనే కొనాలి. మ్యూజిక్ మోతలో మాట వినబడని సీడీలన్నీ పక్కన పెట్టించాను.

"పెద్దమ్మా, నువ్వు కమిటీ కాదు, చెక్‌పోస్టువు" అని లైబ్రేరియన్ నవ్వేది.

"పనికిరానిది అల్మారల ఎందుకు, దుమ్ము తుడవనీకా?" అనేదాన్ని.

పాటలయ్యాక మానవ హక్కుల సినిమాలు వచ్చాయి. కథలు కావు, జరిగినవి తీసినవి. ఒకదానిలో మా అక్క ఉంది. దామరచర్ల దిక్కు ఇటుక బట్టీలో పనిచేసిన రోజుల సంగతి చెప్పింది. బిడ్డకు జ్వరమొస్తే గేటు దాటనివ్వలేదని, మూడో రోజుకు ఆ పిల్ల పోయిందని, కళ్లు తుడుచుకోకుండా చెప్పింది. మూడూళ్లలోనూ ఆ సినిమా ఉండాలని గట్టిగా అన్నాను. ఎవరూ కాదనలేదు.

మా కమిటీలో ఒక అలవాటు ఉంది. కూర్చోగానే తీర్మానాల పుస్తకంలో పేజీ కింద అందరం సంతకాలు పెడతాం. ఏం తీర్మానించామో తర్వాత పైన లైబ్రేరియన్ రాస్తుంది. ఉల్లిగడ్డను కూడా తిప్పి చూడందే కొనని నేను, ఆ ఖాళీ పేజీ కింద ప్రతిసారీ నా పేరు రాశాను.

నెల దాటినా సినిమా రాలేదు. తీర్మానాల పుస్తకం తీయించి వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. ఈ చిత్రం పిల్లలు తిరిగే చోట తగదని సభ్యులు ఏకగ్రీవంగా తిరస్కరించారని ఉంది. కింద నా సంతకం.

"ఇది నేనెప్పుడన్న బిడ్డా?"

లైబ్రేరియన్ తలుపు దగ్గరికి వేసింది. "ఆ బట్టీ ఆయన కొడుకే మనకు కొత్త గది కట్టిస్తుండు పెద్దమ్మా. ట్రస్టోళ్లు వద్దన్నరు. నేనేం చెయ్యను?"

"వాళ్లు వద్దన్నరనే రాయాలె. నా నెత్తిన ఎందుకు రాసినవ్?"

"చెల్లెలే వద్దన్నదంటే ఇగ ఎవరూ అడగరని."

నా పేరు కొట్టెయ్యమన్నాను. ఆ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదట.

అక్క ఉండేది వేములపల్లిలో. నేను వెళ్లేసరికి చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"పెట్టిండ్రా చెల్లే? మా వాడకట్టోళ్లు మిర్యాలగూడ పోయి సూస్తమంటున్నరు."

దాచకుండా అంతా చెప్పాను. లైబ్రేరియన్‌ను తిట్టాను, ట్రస్టోళ్లను తిట్టాను. అక్క చేయి ఆపకుండా విన్నది.

"కింద సంతకం నీదేనా?"

"నాదే."

"సదివి పెట్టినవా?"

"అప్పుడు పైన ఏం లేదక్కా."

ఆమె చాట పక్కన పెట్టింది. "నా బిడ్డ సంగతి ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే. నువ్వు చెప్పమన్నవనే కెమెరా ముందు కూసున్న" అంది.

లోపలికి వెళ్లిపోయింది. మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగలేదు. నేను బస్సుకు బయలుదేరాను.