ఇద్దరే ఆడిన ఒలింపిక్స్

ఏమీ తెలియకపోయినా అన్నీ చెప్పేయగలననే ధైర్యం మనిషికి ఒక్క వయసులోనే ఉంటుందనుకుంటాను. నాకు ఆ వయసు బీఈడీ పరీక్షలు రాసి మదనపల్లెలో మా ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో వచ్చింది. ఎవరేం అడిగినా తెలియదనడం టీచరు కాబోయేదానికి పరువు తక్కువ అనుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే పుంగనూరు నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. ఆ ఏడాది అక్క తన ఇద్దరు కూతుళ్లనూ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తోంది. బావ ఉద్యోగం కుప్పంలో, ఇంటికి రావడం శని ఆదివారాల్లోనే. ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడట. "ఆగస్టు నెలాఖర్లో నేనే కూసోని అడుగుతా. పిల్లోల్లకు ఏమీ రాలేదంటే దసరా సెలవలైనాక మళ్లీ బడికే."

"టీవీలో ఒలింపిక్స్ వస్తాండాయి గదా, వాటి మీద ఒక యూనిట్ స్టడీ ప్లాన్ చేసియ్యి. మనింట్లో టీచరమ్మవు నువ్వే గదా," అంది అక్క. యూనిట్ స్టడీ అనే మాట నేనెప్పుడూ వినలేదు. అయినా అడగలేదు. యూనిట్ టెస్టుకు చుట్టమే అయ్యుంటుందని రెండు రోజులు కూర్చుని పాతిక మార్కులకు ప్రశ్నపత్రం తయారు చేశాను. ఖాళీలు పూరించడం, జతపరచడం, అన్నీ ఉన్నాయి. బస్సెక్కి పుంగనూరు తీసుకుపోయి అక్క చేతిలో పెట్టాను.

"ఇదేందే? పాఠం చెప్పకముందే పరీక్ష పెడ్తాండావు? ఒక్క విషయం పట్టుకోని లెక్కలు, సైన్సు, తెలుగు, అన్నీ దాంట్లోనించే చెప్పల్ల!"

"తెలుసులేక్కా, ఇది ఆఖరి రోజుకు," అన్నాను. (ఆ కాగితాన్ని మళ్లీ ఎవరికీ చూపించలేదు.)

నెల రోజులు అక్కడే మకాం. వెంట తెచ్చిన చార్టులు గోడ నిండా అంటించాను. ఆటల్లో నాకు తెలిసింది క్రికెట్ ఒక్కటే, అందులోనూ ఇప్పుడు కొడుతున్నది మనవాళ్లా వాళ్లా అని అడిగే రకం. మొదటి రోజు పొద్దున పది గంటలకు "ఇప్పుడు పరుగు పందెం సూస్తాం" అని పిల్లలను టీవీ ముందు కూర్చోబెడితే అక్కడ ఎవరో పాత ఆటల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆటలు జరిగే దేశంలో తెల్లారేసరికి మనకు అన్నం తినే వేళ దాటుతుందని నా టైంటేబుల్‌కు తెలియదు. "ఆడ ఇప్పుడు రాత్రా పిన్నీ? ఎందుకట్లా?" అని పెద్దపాప అడిగింది. భూమిగా పనికొచ్చేదాని కోసం ఇల్లంతా వెతికి, ఒక టమేటా మీద పెన్నుతో దేశాలు గీసి, లైటు ముందు తిప్పి చూపించాను. ఎటు తిప్పాలో మాత్రం నాకే తేలక రెండు వైపులా తిప్పాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే భూమి లేదు. అక్క వాళ్లత్త, అంటే పిల్లల అవ్వ, "ఏందో గీతలు గీసిండారు, కడిగి పప్పులో ఏసినా," అంది.

అయిదు వలయాలంటే ఏమిటని అడిగిన రోజున నేను మరీ వెలిగిపోయాను. పంచభూతాలన్నాను. నీలం నీళ్లు, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నేల, నలుపు ఆకాశం, పసుపు గాలి. (పసుపు గాలి ఎలా అయిందని అడగకండి, ఇంకేమీ మిగల్లేదు.) సాయంత్రాలు పెరట్లో పోటీలు. అవ్వ పెంచుకునే పొట్టి ఆవు చుట్టూ తిరిగొచ్చే పరుగు పందెంలో పదేళ్ల పెద్దపాపకు బంగారం, ఏడేళ్ల చిన్నపాపకు వెండి, రోజూ అదే. అట్టముక్కతో చేసిన కంచు పతకం తీసుకునేవాళ్లు లేక ఒకసారి ఆవు మెడలో వేస్తే, అది మెడ తిప్పి పతకాన్ని నమిలేసింది.

నెలాఖరు ఆదివారం బావ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అక్క వంటింటి గుమ్మంలో కొంగు నలుపుతూ నిలబడింది. మొదటి ప్రశ్నే వలయాల మీద. పెద్దపాప గడగడా పంచభూతాలు అప్పజెప్పింది. బావ నా వైపు చూశాడు. నేను పైన ఫ్యాను వైపు చూశాను.

"పంచభూతాలేంది! అవి ఖండాలు గదమ్మా," అన్నాడు.

"ఖండాలు ఏడు గదా నాయనా?"

బావ వేళ్ల మీద లెక్కపెట్టాడు. అట్లాసు తెప్పించి నేల మీద పరిచి, కుర్చీ దిగి తానూ నేల మీదే కూర్చున్నాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే. చిన్నపాప వేలు కిందికి జరిపి, "ఈ మంచులో ఎవురూ ఉండరు గదా, ఆటకు ఎవురొస్తారు?" అంది. ఆరు. పెద్దపాప కాసేపు చూసి, "ఈ రెండు అమెరికాలూ అతుక్కోనే ఉండాయి, ఒకటే అనుకుంటే?" అంది. అయిదు! బావ తొడ మీద చరుచుకున్నాడు. "ఎవురూ చెప్పకనే తేల్చినారే! సరే, బడొద్దులే. ఇంట్లోనే చదువుకోండి."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అప్పటికప్పుడు ఇంకో యూనిట్ స్టడీకి సిద్ధమైపోయాను. అప్పుడు చిన్నపాప బావ చొక్కా పట్టుకుంది.

"నాయనా, నేను బడికి పోతా. ఈడ ఇద్దరమే గదా, నాకెప్పుడూ రెండోదే వస్తాది. ఆడైతే శానామంది ఉంటారు. నాలుగోది, అయిదోది గూడా రావొచ్చు."

గెలిచామో ఓడామో నాకు అర్థం కాలేదు. అక్క ముఖం చూస్తే ఆమెకూ అయినట్టు లేదు. చిన్నది పోతే పందేనికి తోడెవరూ ఉండరని పెద్దదీ పోతానంది, దసరా తర్వాత ఇద్దరూ బడికి వెళ్లారు. "నా బడి మూసేదానికేనా నిన్ను పిలిపించుకునింది?" అని అక్క నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత బడిలో ఆటల పోటీలకు తనే ఫోన్ చేసి రమ్మంది. తొమ్మిది మందిలో చిన్నపాప ఆయాసపడుతూ వచ్చి, "ఆరోది పిన్నీ! ఆరోది!" అని మా ఇద్దరి మీదా పడిపోయింది.

ఇప్పుడు నేను నిమ్మనపల్లె దగ్గర ఒక బడిలో టీచర్ని. పిల్లలు తెలియనిది అడిగితే "నాకూ తెలీదు, రేపు సూసొచ్చి చెప్తా" అంటాను. అలా అనడం నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. చార్టుల చుట్ట చంకలో పెట్టుకుని, ప్రపంచమంతా తనకు తెలిసినట్టు పుంగనూరు బస్సులో కూర్చున్న ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది. ఎప్పుడైనా ఎదురైతే తప్పులు దిద్దబోను. పక్కన కాస్త చోటిమ్మని అడిగి కూర్చుంటాను, అంతే.