మునిరత్నం కట్టిన ఆఖరి కట్టు

పుత్తూరు దగ్గర మా నాయన మునిరత్నం నలభై ఏళ్లు విరిగిన ఎముకలకు కట్లు కట్టాడు. ఎనభై మూడో ఏట ఆయనకు మతి తప్పింది. కన్నకూతురిని, నన్నే గుర్తుపట్టేవాడు కాదు. బీపీ మాత్ర ఇస్తే "విషం పెడతావా?" అని చెంబు విసిరేవాడు. ఓపిక పట్టమని ఊరంతా చెప్పేది. వాళ్ల ఇంట్లో పది రోజులు ఉంచుకుంటే తెలిసేది.

ఒకరోజు నాకూ ఒళ్లు మండి, మాత్ర ఆయన నోట్లో కుక్కబోయాను. మణికట్టు దగ్గర గట్టిగా కొరికాడు. చెయ్యి పట్టుకుని అరుగు మీద కూలబడ్డాను.

ఆయన కేకలు ఆగిపోయాయి. వచ్చి ఎదురుగా కూర్చుని, నా మణికట్టును వేళ్లతో తడిమి చూశాడు.

"ఎముక బాగుండాది. బయపడొద్దు" అని తువ్వాలు చింపి కట్టు మొదలుపెట్టాడు.

భయపడే రోగులకు కషాయం ఇచ్చేముందు ఆయనే ఒక గుక్క తాగి చూపించేవాడు. అది గుర్తొచ్చి, మాత్ర అందించాను.

"నాకు బయమయ్యా. ముందు నువ్వు మింగు."

నవ్వి, మింగేశాడు.

కట్టు ముడి వేస్తూ అడిగాడు: "ఒక్కదానివే వచ్చినావే తల్లీ, మీ నాయన రాలేదా?"

"వచ్చినాడు" అన్నాను. "ఈడే ఉండాడు."