అక్క గదిలో బల్లుల స్టాండు

నేలను పాకే పురుగును సైతం చేసి, మంచిదని చూసిన దేవునికి స్తోత్రం.

డెబ్బైలలో మస్కట్ ఆసుపత్రిలో మా సీనియర్ నర్సును అక్క అనేవాళ్లం. హాస్టల్‌లోని తన గదిలో మందుల పెట్టెల చెక్కలతో తానే మూడరల స్టాండు కొట్టి, గాజు తొట్లలో ఎడారి బల్లుల్ని పెంచేది. ఏసీ చలికి చస్తాయని అరకో బల్బు బిగించింది. డ్యూటీ నుంచి రాగానే బల్బుల కింద అరచెయ్యి పెట్టి వేడి చూసేది.

అక్కడ సెలవు శుక్రవారమే గనక మా వారపు ప్రార్థన ఆ రోజు ఆ గదిలోనే జరిగేది. పాట ఎత్తేది అక్కే. ఒకసారి సంఘపెద్ద గుమ్మంలోనే ఆగిపోయారు.

"బల్లి అపవిత్రమని లేవీయకాండంలో ఉందమ్మా. వీటిని పారేస్తేనే నువ్వు మాతో పాడేది."

"చచ్చినదాన్ని ముట్టుకుంటే అపవిత్రమని రాసుందండీ. ఇవి చావకూడదనేగా లైట్లు పెట్టింది!"

మాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం కూడికను పక్క గదికి మార్చేశారు.

మరుసటి శుక్రవారం పాట ఎత్తేవాళ్లు లేక అందరం మొహాలు చూసుకున్నాం. ఇంతలో గోడ అవతల అక్క తన గదిలోంచే గొంతెత్తి పాట మొదలుపెట్టింది. మేం అందుకున్నాం. రెండో చరణానికి పెద్దాయనా అందుకోక తప్పలేదు.

అక్క ఇప్పుడెక్కడుందో తెలియదు. ఎవరు వెలివేసినా ఆ గొంతు తగ్గకూడదని నాతో కలిసి ప్రార్థించండి.