దగ్గుకు అవతలి పెరటి ఆకు

డెబ్బై ఎనిమిదిలో ఒక మంగళవారం పొద్దున, ఖిలా వరంగల్‌లో మట్టికోట గోడకు అవతల ఉన్న దేవదానం సార్ ముళ్లకంచెకు ఒక చొక్కా తగులుకుంది. చొక్కాలో, రైల్వే గ్యాంగ్‌మన్‌గా కొత్తగా రిటైరైన మొగిలి కూడా ఉన్నాడు. చేతిలో నాలుగు అడ్డసరం ఆకులు, గొంతులో ఆగని దగ్గు. దొంగతనానికి దగ్గంత అడ్డం మరొకటి లేదు.

ఈ తిప్పలకు కారణం సారంగపాణి వైద్యుడు. ఆయన జన్మలో ఎవరికీ మందు పూర్తిగా ఇచ్చిన పాపాన పోలేదు. పొడి పొట్లం కట్టి ఇస్తాడు. అందులో కలిపే ఆకో వేరో మాత్రం ఇంకొకరి పెరట్లోంచి తెచ్చుకోవాలి. ఎందుకయ్యా అంటే, "తాటాకుల్ల రాసున్నది" అంటాడు. ముత్తాతల నాటి ఆ తాటాకుల కట్ట ఎర్రగుడ్డలో దూలానికి వేలాడుతుంటుంది. విప్పగా చూసినవాళ్లు లేరు.

చిరిగిన చొక్కాతో మొగిలి ఆయన ముందు నిలబడ్డాడు.

"అడగకుంట తెంపితే ఆకు పనిజేయదు అల్లుడా. చెట్టుగల్ల మనిషే తెంపియ్యాలె. ఆడనే కూసుండి కషాయం కాగబెట్టుకొని తాగాలె."

"కొత్తోళ్లింట్ల పొయ్యి ముట్టియ్యాల్నా మామా?"

"ముట్టియ్యాలె. అటెన్క ఆయనతోని చాయ్ తాగాలె."

"చాయ్ గూడ తాటాకుల్ల ఉన్నదా?"

"ఆఖరాకుల ఉన్నది."

మొగిలికి ఇంటికి పోయి చేసే పనీ లేదు. భార్య పూలమ్మ పోయి ఏడాది. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది చెప్పడమే తప్ప వినదు. అలవాటుకొద్దీ రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, రెండోది చల్లారాక తనే తాగేవాడు.

మర్నాడు సిగ్గుపడుతూనే తలుపు కొట్టాడు. దేవదానం సార్ పాత డ్రాయింగు మాస్టారు. భార్య హన్నమ్మ పోయినప్పటినుంచి ఆయనా ఒంటికాయ శొంఠికొమ్మే. తలుపు తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది.

"నిన్న నా కంచె మీద దగ్గింది నువ్వేనా?"

"నేనే సార్. మాఫ్ జెయ్యిండ్రి."

"మోకాళ్ల నొప్పులే అన్నా. పొద్దుగాల ఎవరన్న తలుపు కొడితే నేనే లేచి తీయాల్నని సారంగపాణి చెప్పిండు. ఆర్నెల్ల సంది ఎదురుసూస్తాన, కొట్టినోడే లేడు. దా, లోపలికి దా."

సార్ ఆకు తెంపిచ్చి, కషాయం కాగుతుండగా ప్రార్థన చేసేవాడు. ప్రార్థన పొడుగైతే కషాయం మాడేది. ఆపైన చాయ్, ఆపైన పులిజూదం. ఓడినవాడు గ్లాసులు కడగాలి. ఇరవయ్యో రోజుకు మొగిలి దగ్గు పూర్తిగా పోయింది. ఆ సంగతి ఎవరికీ పొక్కనీయకుండా, రోజూ సార్ తలుపు ముందు మాత్రం రెండుసార్లు గట్టిగా దగ్గేవాడు.

నలభయ్యో రోజున పొట్లం కోసం వెళ్లి, కాళ్లు కడుక్కోవడానికని సారంగపాణి పెరట్లోకి నడిచాడు. రుసరుసలాడుతూ తిరిగొచ్చాడు.

"ఏం మామా! నీ ఇంటెన్క గోడ పొడుగునా అడ్డసరం అడివోలె ఉన్నది గదనే! మరి నన్నెందుకు మట్టికోట అవతల దాంక తిప్పినవ్? మంచి చొక్కా చినిగె!"

సారంగపాణి తలెత్తకుండా పొట్లానికి దారం చుట్టాడు.

"నా చెట్టాకు దగ్గుకే పనిజేస్తది అల్లుడా."