కోనో గారు బతికే ఉన్నారు

మియాతాని లోయకు టీవీ ఆలస్యంగా వచ్చింది. చుట్టూ కొండలు. పట్నంలో బయల్దేరిన బొమ్మ ఆ కొండలు దాటేసరికి చుక్కల వాన అయిపోయేది. చూసీ చూసీ ఊరివాళ్ళే కొండకొమ్మున యాంటెన్నా నిలబెట్టి, దేవదారు చెట్ల మీదుగా తీగ లాగి ఇంటింటికీ ఇచ్చుకున్నారు. మంచుకు తీగ తెగితే వంతులవారీగా ఎక్కి కట్టేవారు. కోతులు ఊయలూగి తెంపితే మాత్రం వంతు ఎవరిదన్నదాని మీద తగాదా. ఆ తీగలో ఒక ఛానల్ ఖాళీగా ఉండిపోయింది. ఎవరో బడిలో ఆటల పోటీలు తీసి అందులో వేశారు. సొంత పిల్లలు పెట్టెలో పరిగెత్తడం చూశాక జనం ఇంక ఊరుకుంటారా? అలా పుట్టింది మన ఛానల్.

ఓచి మిత్సుయో ఆ ఛానల్‌కు గొంతు. సముద్రపొడ్డు ఊరి పిల్ల, ఈ లోయకు కోడలై వచ్చింది. మొదట చందా రసీదులు రాసే పనికి చేరింది. వార్తలు చదివే ఆమెకు ఒకనాడు జలుబు చేస్తే మిత్సుయోను కుర్చీలో కూర్చోబెట్టారు, ఆ తర్వాత లేవనివ్వలేదు. స్టూడియో అంటే రైతు సంఘం పాత గోదాం మీది గది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత పరుపులు కొట్టారు. కంటి డాక్టరు వచ్చే రోజు, అడవి పందులు దిగిన పొలాలు, ఊరి సభలో ఎవరు ఎవరి మీద అరిచారు, అన్నీ ఆమే చెప్పేది. కెమెరా, తీగలు, పెత్తనం మేనేజరు హమాగుచివి.

అన్నిటికన్నా జనం చెవి ఒగ్గి వినేది పొద్దుటి చావు కబురు. బూడిదరంగు తెర మీద తెల్లటి అక్షరాలు, వెనక సన్నగా పిల్లనగ్రోవి, పైన మిత్సుయో గొంతు. ఒక్కసారే చదవాలి. రెండోసారి చదివితే మరో చావును పిలిచినట్టే. చావింట్లో ‘మళ్ళీ మళ్ళీ’ అన్న మాటే నోట రానివ్వని జనం మరి.

ఆ శరత్కాలపు ఉదయం ఆమె నిదానంగా చదివింది. “కోనో మినోరు గారు నిన్న కన్నుమూశారు.”

పోయినాయన కోనో కాదు, పై ఊరి కవానో మినోరు. జపాను రాతలో రెండు ఇంటిపేర్లూ ఒకటే అక్షరాలు, పలకడమే వేరు. పై ఊళ్ళో కవానో అంటారు, కింది ఊళ్ళో కోనో అంటారు. ఇప్పుడైతే మిత్సుయో ముందుగా ఫోన్ చేసి, మీ ఇంట్లో ఎలా పలుకుతారని అడుగుతుంది. అప్పటికి ఆ అలవాటు లేదు. ఆమె పుట్టిన ఊళ్ళో ఆ అక్షరాలున్న ప్రతివాడూ కోనోయే. ఒక్క క్షణం నోరు పుట్టింటికి పోయింది.

కింది ఊళ్ళో కోనో మినోరు అనే పెద్దాయన నిక్షేపంగా ఉన్నాడు. వసారాలో కూర్చుని, ఎండబెట్టడానికి పర్సిమన్ పళ్ళ తొక్క తీస్తున్నాడు. తోఫు కొట్టు తోమియె చావుకు వేసుకునే నల్లబట్టల్లో, నలుపూ తెలుపూ దారాలు ముడి కట్టిన చావింటి చదివింపుల కవరుతో వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది.

“ఏమయ్యా, చచ్చినవాడివి పళ్ళు చెక్కుతున్నావేం?”

“నేనెప్పుడు చచ్చానే?”

“పొద్దున మిత్సుయో చెప్పిందిగా!”

“నాకు చెప్పలేదే. సరే, ఆ కవరు ఇటియ్యి, ఎలాగూ ఎప్పటికో కావాలి.”

“ఛీ, ఊరుకో. ఈ బట్టలు ఇస్త్రీ చేసేసరికి నా నడుం పడిపోయింది.”

కోనో నవ్వబోయాడు. చేతిలో కత్తి ఆగిపోయింది. “అయితే పోయింది మావాడన్నమాట,” అన్నాడు మెల్లగా. లేచి స్టూడియోకు ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ పెట్టేసి మిత్సుయో ఉన్నపళంగా పై ఊరికి పరుగెత్తింది. కవానో గారు చాప మీద వేసిన పరుపుపై పడుకుని ఉన్నారు, ముఖాన తెల్లగుడ్డ. పక్కన భార్య హత్సుయో. మిత్సుయో నుదురు చాపకు ఆనించింది.

“లే అమ్మా, లే,” అంది హత్సుయో. “బతికున్నన్నాళ్ళూ ఇదే గోల. మా నారింజల పెట్టె ఆ కోనో ఇంటికి పోయేది. తినేసి, తొక్కలు మాత్రం భద్రంగా దాచానని కబురు పెట్టేవాడు.” భర్త ముఖం మీది గుడ్డ సర్దింది. “ఒకటే బాధగా ఉంది. పెళ్ళయిన కొత్తలో ఏవండీ అన్నాను. పిల్లలు పుట్టాక నాన్నా అన్నాను, మనవలు పుట్టాక తాతా. ఆయన పేరు నా నోట ఎన్నడూ రాలేదు. నీ గొంతులోనైనా ఒకసారి విందామని టీవీ ఆయన పక్కకు జరిపించుకున్నాను.”

మధ్యాహ్నం దహనానికి బండి వస్తుంది. ఆలోగా ఆ పేరు ఆ గదిలో వినిపించాలి. మిత్సుయో స్టూడియోకు వచ్చి మేనేజరును పట్టుకుంది.

“ఏం దిద్దుతావు?” అన్నాడు హమాగుచి. “తెర మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. తప్పు నీ నోట్లో ఉంది. దాన్ని దిద్దాలంటే చావు కబురు రెండోసారి చదవాలి. రేపు ఇంకెవరైనా పోతే ఊరు నన్ను బతకనిస్తుందా?”

“అయితే ఆయన పరాయి పేరుతో పోవాలా?”

హమాగుచి తల గోక్కున్నాడు. మెట్ల మీద ఆయాసం వినబడింది. కోనో మినోరు, చేతులకు ఇంకా పళ్ళ జిగురు.

“చావు కబురు ఎవరు చదవమన్నారయ్యా? నా కబురు చదవండి. నేను బతికున్నానని చెప్పడం అశుభమా?”

“బతికున్న కబురు ఎప్పుడూ వెయ్యలేదండీ.”

“చచ్చానని వేసినవాడివి ఇదీ వెయ్యి. వాడి ఉత్తరాలు నేను విప్పాను, నా జాబులు వాడు చదివాడు. పోతూ పోతూ నా పేరు కూడా పట్టుకుపోతానంటే ఇస్తానా? వాడిది వాడికి ఇవ్వండి.”

హమాగుచి పిల్లనగ్రోవి టేపు పక్కన పెట్టి, ఆటల పోటీలకు వేసే పాట వెతికాడు. “అది మరీ ఎక్కువ,” అంది మిత్సుయో. పాటేమీ లేకుండానే మొదలుపెట్టింది. కోనో అప్పటికే మెట్లు దిగి చిన్న ట్రక్కులో పై ఊరికి పోయాడు.

“కింది ఊరి కోనో మినోరు గారు బతికే ఉన్నారు. పళ్ళు ఎండబెట్టుకుంటున్నారు.” ఊపిరి తీసుకుంది. ఒక్కో అక్షరం విడివిడిగా, బరువు తూచినట్టు పలికింది. “ఆయన చిరకాల మిత్రులు, పై ఊరి కవానో మినోరు గారు. ఈ మధ్యాహ్నం సెలవు తీసుకుంటున్నారు.”

కెమెరా ఆగింది. ఫోన్ మోగింది. కోనో గొంతు, గుసగుసగా.

“విన్నారా తాతా?”

“విన్నాంలే. నువ్వు వాడి పేరు అనగానే హత్సుయో టీవీ కట్టేసింది.”

“కోపం వచ్చిందా?”

“కాదే పిచ్చిదానా. గది నిశ్శబ్దంగా ఉండాలని. వాడి చెవి దగ్గర వంగి ‘మినోరు గారూ’ అంది. అని, కొత్త పెళ్ళికూతురిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉంటానమ్మా, బండి వచ్చింది.”